దారం కట్టిన రూపాయి

కొత్తకోట బస్టాండు వెనుక వీడియో గేముల దుకాణం పెట్టేనాటికి స్వరూపకు ముప్పై ఏళ్లు. భర్త పోయాక ఆమె బతుకుదెరువు ఆ రెండు గేమ్ డబ్బాలే. రూపాయి బిళ్ల వేస్తే ఆట మొదలయ్యేది. దుకాణంలో తమ్ముడు ఎల్లేష్ కూర్చునేవాడు.

పొద్దంతా పిల్లలు ఎగబడి ఆడినా, సాయంత్రం డబ్బా తెరిస్తే బిళ్లలు సగమే ఉండేవి. పిల్లలు బిళ్లకు బెజ్జం పెట్టి, దారం కట్టి లోపలికి వదిలి, ఆట మొదలవగానే పైకి లాగేసుకుంటున్నారని ఎల్లేష్ చెప్పాడు. స్వరూప నమ్మలేదు.

"పైసలు నువ్వు తిని పోరగాండ్ల మీద వెడ్తున్నవా?" అని ఆ పిల్లల ముందే తమ్ముణ్ణి చెంప మీద కొట్టింది.

ఎల్లేష్ ఆ రోజే షాద్‌నగర్ వెళ్లి, ఒక కంపెనీలో కాపలా పనికి కుదిరాడు. అక్కడే పెళ్లి చేసుకున్నాడు. మళ్లీ అక్క గడప తొక్కలేదు. అతను వెళ్లాక కూడా డబ్బాలో బిళ్లలు పెరగలేదు. అదెందుకో ఆలోచించడానికి స్వరూపకు మనసొప్పలేదు. కరోనా రెండో విడతలో ఎల్లేష్ చనిపోయాడు.

అప్పటికి దుకాణం మూతపడి చాలా ఏళ్లయింది. ఒక డబ్బా మాత్రం ఆమె ఇంట్లో బియ్యం బస్తాల పక్కన ఉండిపోయింది.

పోయిన వేసవిలో ఆ పిల్లలే, ఇప్పుడు నలభైకి దగ్గరపడినవాళ్లు, తాము చదివిన బడిలో కలుసుకోవాలనుకున్నారు. వాళ్లలో అమరేందర్ ఆమె ఇంటికొచ్చాడు.

"మా చిన్నతనమంత గా డబ్బలనే ఉన్నది అక్కా. జర పట్టుకరా."

స్వరూప సంతోషపడి దాన్ని బాగు చేయించింది. కొత్త చీర కట్టుకుని వెళ్లింది. శాలువా కప్పారు. తెర వెలిగి పాత సంగీతం మోగగానే కొందరికి కళ్లు చెమర్చాయి. అప్పుడు అమరేందర్ మైకు అందుకుని, జేబులోంచి దారం కట్టిన రూపాయి తీశాడు. డబ్బాలో వదిలి, పైకి లాగి చూపించాడు. ఆట మొదలైంది. అందరూ పడిపడి నవ్వారు.

"గీ ఒక్క బిళ్లతోనే మూడేండ్లు ఆడినం అక్కా. ఎల్లేషన్న మమ్ముల పట్టుకుండు గని, నువ్వు ఆయననే కొడ్తివి. ఆ దినం మాకు పండుగే."

"ఒక్కలన్న నాకు చెప్పకపోతిరి?" అంది స్వరూప.

"చెప్తే ఆట బందయితుండె గద."

మళ్లీ నవ్వారు. ఆమెను డబ్బా పక్కన నిలబెట్టి ఫొటోలు దిగారు.

మర్నాడు ఆమె షాద్‌నగర్ బస్సెక్కింది. ఎల్లేష్ భార్య కరుణ వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. జరిగిందంతా చెప్పి, "నా తమ్ముడు దొంగ గాదు కరుణా," అంది స్వరూప.

కరుణ చేతులు ఆగలేదు.

"గా దారం ముచ్చట ఆయన లగ్గమైన కొత్తల్నే చెప్పిండు వదినె. నేను సుత నమ్మలే. సొంత అక్క ఉట్టిగనే దొంగంటదా అనుకున్న. డ్యూటీకెళ్లి రాంగనే రోజు ఆయన అంగి జేబులు ఎతికేదాన్ని. గోడ దిక్కు సూసుకుంట నిలవడేటోడు."

కాసేపటికి అన్నం తింటావా అని అడిగింది. స్వరూప వద్దంది. కరుణ రెండోసారి అడగలేదు.