మొక్కలకు పోసిన జీలుగు కల్లు

ఆ రోజుల్లో నాకు ఇరవై రెండేళ్ళు, తెలివి మాత్రం అరవై ఏళ్ళవాడికి సరిపడా ఉందని గట్టి నమ్మకం. సాలూరు నుంచి వచ్చి అరకులో ఒక అతిథి గృహంలో ఆరు నెలల టెంపరరీ గుమాస్తాగా చేరాను. ముందు గదిలో పెద్ద గాజు తొట్టె, అందులో నాలుగు చేపలు, వాటికంటే దీనంగా పసుపెక్కిన నీటి మొక్కలు. విశాఖలో ఉండే మా పెద్దసారుకి ఆ తొట్టె అంటే ప్రాణం. "నెలాఖరుకి వస్తాను. మొక్కలు పచ్చగా ఉంటే నువ్వుంటావు, లేకపోతే లేదు" అని ఫోనులో తేల్చేశారు.

అక్కడ మంచు పది గంటలదాకా కదలదు కనుక వెలుతురు చాలడం లేదనుకుని, ఒక ట్యూబులైటున్నచోట మూడు బిగించాను. మొక్కలు ఎదగలేదు గానీ, పాచి మాత్రం కొత్తల్లుడిలా ఏపుగా పెరిగింది. అప్పుడొక పాత పత్రికలో చదివాను: వెలుతురుకు తగ్గ బొగ్గుపులుసు వాయువు నీళ్ళలో లేకపోతే లాభం పాచికేనట. పంచదార నీళ్ళను ఈస్టుతో సీసాలో పులియబెడితే ఆ వాయువు వస్తుందట. ఈస్టు దొరకలేదు. పులిసే సరుకు మాత్రం మా వాచ్‌మన్ తాత రోజూ చెట్టు నుంచి దించుకొస్తూనే ఉన్నాడు, జీలుగు కల్లు. ఒక సీసాడు ఇమ్మన్నాను.

"నువ్వు తాగవు కదా బాబూ, ఎవులికి?" అన్నాడు తాత. మొక్కలకని చెబితే, "సరే గానీ, ముందు రెండు సుక్కలు నేల మీద ఒంపు. మా కాడ పోయిన పెద్దోళ్ళకి పొయ్యకుండా ఎవులూ ముట్టరు" అన్నాడు. (సైన్సు చదివినవాణ్ణి, ఒంపుతానా!) సీసా మూతకి కన్నం పెట్టి, సెలైన్ గొట్టం దూర్చి, రెండో కొస తొట్టెలో ముంచాను. ఒక లైటు తీసేశాను. రెండు వారాల్లో కొత్త చిగుళ్ళు, ఆకుల మీద సన్నటి బుడగలు! సారు వచ్చే రోజు ఇంకాస్త మెరిపిద్దామన్న అత్యాశతో, అప్పుడే దించిన కల్లు సీసా మూతిదాకా నింపాను.

సారు తొట్టె ముందు వంగి "శభాష్" అంటుండగానే సీసా పొంగింది. నురగంతా గొట్టంలోంచి తొట్టెలోకి దిగింది. నీళ్ళు తెల్లబడ్డాయి, గదంతా సంతలో కల్లుకుండల దగ్గరి వాసన. సారు ముక్కు ఎగబీల్చి, "డ్యూటీలో తాగుతున్నావా?" అని గర్జించారు. ఉద్యోగం పోయిందనుకున్నాను. పరుగున వచ్చి చేపల్ని బకెట్లోకి తీస్తున్న తాతే చెప్పాడు: "ఆ గుంటడు సుక్క ముట్టనేదు బాబూ, అంతా మొక్కలకే తాగించీసినాడు. పెద్దోళ్ళకి రెండు సుక్కలు పొయ్యమంటే పొయ్యనేదు. అందుకే ఆళ్ళు మొత్తం ఒంపించీసినారు."

సారు సోఫాలో కూలబడి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు. "ఇంకో ఆరు నెలలుండు. తొట్టె మాత్రం ఇకనుంచి తాత చూసుకుంటాడు" అన్నారు.

ఇప్పుడు విశాఖలో మా ఇంట్లో తొట్టెకి బొగ్గుపులుసు వాయువు సిలిండరుంది, వేళకి వెలిగి ఆరే లైట్లున్నాయి. తాత లేడు. రోజూ పొద్దున్న సిలిండరు మీట తిప్పేముందు రెండు చుక్కల నీళ్ళు నేల మీద ఒంపుతాను. "గచ్చు తడిపీడమేటి రోజూ?" అని మా ఆవిడ విసుక్కుంటుంది. రెండు చుక్కల దగ్గర సైన్సు చూపించిన ఆ ఇరవై రెండేళ్ళ గుంటణ్ణి తలుచుకుని నవ్వుతూ, గుడ్డ తెచ్చి నేనే తుడిచేస్తాను.