లైల్ ట్రెవిన్ లేపించిన బండి

లైల్ ట్రెవిన్‌కి తెలియని విషయం లేదు. నమ్మకం లేకపోతే వాణ్ణే అడగండి, చెప్తాడు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ కౌన్సిల్ గ్రేడర్ తోలుతూ మట్టిరోడ్లు చదును చేశాడు. ఇప్పుడు రిటైరై, పబ్‌లో బీరు ముందేసుకుని, అడిగినా అడక్కపోయినా బండ్ల గురించి ఉపన్యాసాలిస్తున్నాడు. ఆ ఎదురుగానే నా పెట్రోలు బంకు. వాడి గొంతు వినకుండా రోజు గడవదు, అది నా ఖర్మ.

వాడి పెళ్ళాం బెవ్ నా స్నేహితురాలు. నోట్లో నాలుక లేని మనిషి. చేతుల్లో మాత్రం గొప్ప విద్య ఉంది. పంచదార ముద్దతో సన్నటి రేకులు చేసి, తీగలకి అంటించి, కేకు మీద పూలు నిలబెడుతుంది. ఏటా జిల్లా రైతుల షోలో కేకుల పోటీకి పెడుతుంది, ఏటా సెకండే వస్తుంది. ఈసారి వేళ్ళ కీళ్ళు వాచి బిగుసుకుపోయాయి.

"వచ్చే ఏటికి ఈ వేళ్ళు రేకు పట్టుకోలేవే గ్లెనిస్. ఇదే ఆఖరు. ఒక్కసారి ఫస్ట్ వస్తే చాలు," అంది నాతో. తను ఏదైనా కావాలని అనడం నేను వినడం అదే మొదలు.

ఇక వాళ్ళ పికప్ బండి సంగతి. మా ఊళ్ళో మగతనాన్ని బండి ఎత్తు పెట్టి కొలుస్తారు. పబ్ ముందు ఆగే బండ్లన్నీ ఎత్తుగా ఉన్నాయని వీడూ ఆ పాతదానికి స్ప్రింగులు మార్పించి పైకి లేపించాడు. బెవ్ ఎక్కాలంటే స్టూలు వెయ్యాల్సొచ్చింది. వణుకు మొదలైంది ఆ వారమే. స్పీడు ఎనభై దాటితే సీటు కింద దడదడ, పళ్ళు పటపట.

లైల్ పరిశోధన మొదలెట్టాడు. టైర్లు మార్చాడు. ఇంజను కింద రబ్బర్లు మార్చాడు. వెనక చక్రాల్ని తిప్పే షాఫ్టు ఊడదీసి కొత్త జాయింట్లు వేశాడు. వణుకు వణుకే. చివరికి బెవ్ క్లచ్ మీద కాలుంచి నడపడం వల్లే ఇదంతా అని తేల్చాడు.

"ఒరేయ్ లైల్, బండి లేపాకే కదరా మొదలైంది? ఎత్తు పెరిగితే ఆ షాఫ్టు వాలు మారదూ?" అన్నాను.

"నువ్వు పెట్రోలు కొట్టుకోవే. అది కొలతలేసి చేయించిన పని."

కొలిచింది వీడే మరి.

అసలు సంగతి పట్టుకున్నది బెవ్. గొర్రెల దాణా బస్తాలు తెచ్చిన రోజు బండి వణకలేదు. బరువుకి వెనకభాగం దిగి పాత ఎత్తుకొచ్చింది. బస్తాలు దించాక మళ్ళీ వణుకు. ఒకటికి రెండుసార్లు చూసుకుని మరీ మొగుడికి చెప్పింది. వాడు పబ్‌లో చెప్పుకుని నవ్వాడు. "మా ఆవిడ మెకానిక్ అయిందిరోయ్. బండికి దాణా పెట్టి బాగుచేస్తుందట."

షోకి ముందురోజు సాయంత్రం కేకు అదరకుండా ఉండాలని బెవ్, నేనూ కలిసి బండి వెనక తొట్టినిండా బస్తాలు వేసి, పైన టార్పాలిన్ కట్టాం.

"ఇంత అవస్థ దేనికి? నా కారులో రారాదూ?" అన్నాను.

"ఆయన చిన్నబుచ్చుకుంటాడే. బండిని పాత బండ్ల పోటీకి పెడుతున్నాడు కదా, నేను పక్కన లేకపోతే ఏం బావుంటుంది?"

మొగుడి పరువు మొయ్యడానికే పుట్టింది మహాతల్లి. దాన్ని చూసినా నాకు ఒళ్ళు మండింది.

పొద్దున్నే ముగ్గురం ఒకే సీట్లో ఇరుక్కుని బయల్దేరాం. బెవ్ ఒళ్ళో కేకు డబ్బా. తారురోడ్డెక్కి ఎనభై దాటగానే దడదడ మొదలైంది.

"కాస్త మెల్లగా పోనివ్వవూ," అంది బెవ్.

"బండి టైముకి వరసలో ఉండాలి."

"బస్తాలున్నా ఎందుకు వణుకుతోంది?"

"చూశావా? బస్తాలకీ దీనికీ సంబంధం లేదని నేను చెప్పలా?"

"నిజమే కాబోలు," అని బెవ్ డబ్బాని పొట్టకి హత్తుకుని కూర్చుంది. దారిపొడుగునా అలాగే ఉంది.

షో మైదానంలో డబ్బా మూత తీశాం. తీగలున్నాయి, పూలు లేవు. రేకులన్నీ పొడై కేకు మీద పడున్నాయి. లైల్ తొంగి చూసి, "మరీ పల్చగా చేశావు," అన్నాడు. తర్వాత బండిని వరసలో నిలబెట్టి టార్పాలిన్ లాగాడు. తొట్టి ఖాళీ.

"బస్తాలేవిరా?" అన్నాను.

"తెల్లారకముందే దించి, టార్పాలిన్ మళ్ళీ కట్టేశా. వెనక కుంగిపోయిన బండిని జడ్జీలకి చూపిస్తారా ఎవరైనా? ఎత్తే కదా దానికి అందం."

దారిలో ఆ అమాయకురాలితో "నిజమే కాబోలు" అనిపించిన నోటితోనే చెప్పాడు, టార్పాలిన్ మడతపెడుతూ. సిగ్గున్నవాడైతే తలొంచుకునేవాడు. వీడు గుడ్డ తీసుకుని టైర్లు తుడిచాడు. బెవ్ మాత్రం ఆ ఖాళీ తొట్టిని చూస్తూ చాలాసేపు నిలబడింది.

నిలబెట్టిన బండి వణకదు కదా. జడ్జీలు చుట్టూ తిరిగి, కిందికి వంగి చూసి, లైల్‌కి ఫస్ట్ ఇచ్చారు. వాడు నీలం రిబ్బను తెచ్చి బెవ్ చేతిలో పెట్టాడు. ఆ వాచిన వేళ్ళతో అది రిబ్బన్ని ఈ చివర నుంచి ఆ చివరదాకా తడిమింది.

"ఫస్టుకి పట్టుగుడ్డ ఇస్తారా? నాకు తెలీదు," అంది. "సెకండుకి అట్టముక్కే ఇస్తారు."

"జాగ్రత్త, నలిపెయ్యకు," అన్నాడు లైల్.