నాయనమ్మ ముఖం మీది వెలుగు

అరవైల నాటి మాట. నాకింకా పెళ్లి కాలేదు. బోధన్ దగ్గర చెరుకు పండించే ఊరు మాది. మంచం పట్టిన నాయనమ్మ, తన ఫోటో ఒక్కటైనా ఉండాలంది. అన్న ఎవరిదో కెమెరా అడిగి తెచ్చాడు. దానికి ఫ్లాష్ లేదు, గదికి ఒక్కటే కిటికీ. కిటికీ వెలుగు తిరిగి ముఖం మీద పడేలా, మంచానికి ఇవతల తెల్ల ధోవతి విప్పి పట్టుకోమన్నాడు. నేను పట్టుకున్నానో లేదో మేనత్త గొల్లుమంది.

"పానముండంగనే తెల్లబట్ట కప్పుతరా? తియ్యిండ్రి!"

నేను ధోవతి దించబోయాను. నాయనమ్మే తల తిప్పి చూసింది.

"ఉండనియ్యి బిడ్డా. కప్పినంక నేనెట్ల సూస్త? గిప్పుడే సూడనియ్యి."

నేను ధోవతి మళ్లీ ఎత్తి పట్టుకున్నాను, అన్న మీట నొక్కాడు.

ఆమెకున్న ఫోటో అదొక్కటే. అందులో ధోవతి కనపడదు. ఆమె ముఖం మీద దాని వెలుగు మాత్రం ఉంది.