కనకలక్ష్మి వాకిట్లో టీవీ ఆటలు

కనకలక్ష్మిని నేను మొదటిసారి చూసింది పురానాపూల్ దగ్గరి జుమ్మెరాత్ బజార్‌లో. ఆ బజారు గురువారమే జరుగుతుంది కాబట్టి ఆఫీసుకు సెలవు పెట్టి వెళ్లాను. పాత మిక్సీలూ తుప్పు పట్టిన తాళాలూ పరిచిన ఒక పట్టా ముందు ఆమె గొంతుక్కూర్చుని ఉంది. నుదుట రూపాయంత బొట్టు, చేతులకు వెండి కడియాలు. నేను ఎన్నో వారాలుగా వెతుకుతున్న బూడిదరంగు వీడియో గేము పెట్టె ఆమె ఒళ్లో ఉంది. మూత పైకెత్తి, క్యాసెట్ దిగే చోట పిన్నులు వంగాయేమోనని వెలుతురుకు పెట్టి చూస్తోంది.

"ఖరాబ్ హై భాయ్, ఇస్కో కౌన్ లేతా?" అని, చెడిపోయినదాన్ని ఎవరు కొంటారంటూ అమ్మేవాడితో దక్కనీలో కాసేపు వాదించి, ఆ ఖరాబు పెట్టెను తనే కొనేసింది. తలెత్తి నా మొహం చూసింది.

"నీకు గావాల్నా బిడ్డా? ఇయ్య. నేను ముందుగాల చూసిన."

"మీ పిల్లలకా అమ్మా?" అన్నాను.

"పిల్లలకెందుకు? నాకే."

నాది నంద్యాల, పేరు భార్గవి. మాదాపూర్‌లో అప్పుడే లేచిన అద్దాల భవనంలో ఉద్యోగం. రెండువేల సంవత్సరం వచ్చేలోగా పాత ప్రోగ్రాముల్లో తేదీలు సరిచేయడం మా పని. చిన్నప్పుడు మా వీధి చివర వీడియో గేమ్ పార్లర్‌లోకి ఆడపిల్లలను రానిచ్చేవారు కాదు. గుమ్మం దగ్గర నిలబడి మగపిల్లల వీపుల సందుల్లోంచి చూసేదాన్ని. సొంత జీతం మొదలయ్యాక ఆ పాత యంత్రాలన్నీ ఒక్కొక్కటే వెతికి కొనుక్కోవడం మొదలుపెట్టాను. ఈ సంగతి ఆఫీసులో దినేష్ ఒక్కడికే తెలుసు. అతనికీ అదే పిచ్చి.

ఆ రోజు తిరుగుదారిలో మెహదీపట్నంలో రాయదుర్గం బస్సెక్కితే ఆమె నా పక్కనే కూర్చుంది. మాటల్లో తెలిసింది, దినేష్ ఉండేది వాళ్ల ఇంట్లోనే అని. ఆమెను ఈ ఆటల్లోకి దింపింది కూడా అతనేనని.

రాయదుర్గంలో గుట్ట కింద వాళ్లకు పొలం ఉండేది, కొట్టం నిండా బర్రెలు ఉండేవి. కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆమె పాలు పితికింది. రోడ్లకూ కంపెనీలకూ ఆ పొలం పోయింది. మేత లేక బర్రెలను అమ్మేశారు. భర్త వెంకటనారాయణ, మరిది రవీందర్ కలిసి కొట్టం పడగొట్టి, అక్కడ వరసగా గదులు కట్టి సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లకు కిరాయికి ఇచ్చారు.

"తెల్లారంగ మెలకువొస్తది. లేసి ఏం జెయ్యాలె? చేతులు ఊకుండవు బిడ్డా. మంచం పట్టె పట్టుకోని పితుకుతున్నట్టు ఆడుతుండె నా ఏళ్లు."

ఆ రోజుల్లో దినేష్‌కు కామెర్లు వచ్చాయి. కడపలో ఉన్న అతనివాళ్లు ఎవరూ రాలేకపోతే ఈమే గంజి కాచి తీసుకుపోయేది. అతను మంచంలోనే చిన్న టీవీ ముందు పైనుంచి ఇటుకలు పడే ఆట ఆడుతుంటే గిన్నె పట్టుకుని నిలబడి చూసేది. ఒకరోజు అతను రెండో కంట్రోలు ఆమె చేతికిచ్చాడు. పితికిన వేళ్లకు ఆ లయ వెంటనే పట్టుబడింది.

"చెయ్యి తనంత తానే పోతది. నేను చూస్తుంటే చాలు," అంది.

అతనికి జబ్బు తగ్గింది గానీ ఆమెకు ఆట తగ్గలేదు. గదుల వరసలో చివరిది ఒకప్పటి గడ్డి గది. దాన్ని కిరాయికివ్వకుండా తన దగ్గరే ఉంచుకుంది. గోడకు చెక్కలు కొట్టించి, బజార్లో దొరికిన పెట్టెలూ క్యాసెట్లూ ఆట తుపాకీలూ పేర్చింది. ఆమెకు ఇంగ్లీషు అక్షరాలు రావు. క్యాసెట్లకు తనే పేర్లు పెట్టుకుంది. గోడాట, మోటర్లాట, కప్పలాట, దొంగల మిద్దె. మేం కూడా అవే పేర్లు పిలిచేవాళ్లం.

ఇంత చెత్త ఎందుకమ్మా అని ఎవరైనా అంటే ఆమెకు కోపం వచ్చేది. "బర్రెలు పాతగైనయని అమ్మిండ్రు. ఇల్లు పాతగైందని కూలగొట్టిండ్రు. ఇగ గుట్టను గూడ పేలుస్తుండ్రు. గివి మాత్రం నేను పారెయ్యనియ్య."

ప్రతి ఆదివారం మేం అక్కడ చేరేవాళ్లం. నేను, దినేష్, అతని పక్కగదుల కుర్రాళ్లు కొందరు. క్యాసెట్లు మార్చుకునేవాళ్లం. దూదిని స్పిరిట్‌లో ముంచి పిన్నులు తుడిచేవాళ్లం. విదేశం నుంచి వచ్చిన ఒక పెట్టెను ఆమె నేరుగా మన కరెంటుకు తగిలించి కాల్చేసింది. మూడు రోజులు దిగులుపడి, ఆ తర్వాత దాన్ని కూడా తుడిచి అలమరలో పెట్టింది. సర్వపిండి కాల్చి పెట్టేది. ఆటలో ఓడిపోతే మొహం ముడుచుకునేది, మళ్లీ గెలిచేదాకా టీ ఇచ్చేది కాదు. తెరమీద ఎండ పడుతుందనీ, గుట్ట పేల్చిన దుమ్ము పెట్టెల్లోకి పోతుందనీ తలుపు వేసి ఉంచేది.

ఆ తలుపే గొడవకు దారితీసింది.

రవీందర్ అప్పటికే ప్లాట్ల దళారీగా నాలుగు చోట్ల తిరుగుతున్నాడు. ఆ గడ్డి గది కూడా కిరాయికిద్దామని ఒకటి రెండుసార్లు అడిగాడు. ఆమె ఇవ్వనంది. అప్పటినుంచి అతని మాట మారింది. పరాయి మగపిల్లలు ఆదివారమంతా వదినె గదిలో ఉంటారనీ, తలుపు మూసే ఉంటుందనీ కల్లు కాంపౌండ్‌లో అన్నాడు. ఆ మాట జీడిమెట్లలో అత్తారింట్లో ఉన్న ఆమె కూతురు బుజ్జి దాకా పోయింది.

ఒక ఆదివారం మేం ఆడుతుండగా బుజ్జి తలుపు తోసుకుని వచ్చింది. చెప్పులైనా విడవలేదు.

"అమ్మా, ఈ ఆటలు బంద్ చెయ్యి. పిలగాండ్లను పెట్టుకోని తలుపేసుకుంటదట గద మీ అమ్మ, అని మా అత్త మొకం మీదనే అన్నది. నేనేం చెప్పాలె? నా ఇజ్జత్ ఏంగావాలె?"

తెరమీద ఆట సాగుతూనే ఉంది, ఎవరి చేతులూ కదలడం లేదు. దినేష్ లేచాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"అక్కా, మేం పోతాం. ఇంగ రాములే. మా వల్ల మీకు మాట రాకూడదు."

"కూసో," అంది కనకలక్ష్మి. "నువ్వెందుకు లేస్తవు? తప్పు జేసినోడు లేస్తడు."

కూతురి వైపు తిరిగింది. "వాళ్లకు గావాల్సింది తలుపు తెరుసుడే గద? సరే."

ప్లగ్గు పీకి, టీవీని రెండు చేతులా ఎత్తి, కడుపుకు ఆనించుకుని బయటికి నడిచింది. బర్రెలు పోయినా వాకిట్లో సిమెంటు కుడితి తొట్టి అలాగే ఉండేది. దానిమీద పలక వేసి టీవీ పెట్టింది. ఎండ పడకుండా మంచం నిలబెట్టి దుప్పటి కప్పింది. వీధి గేటు రెండు రెక్కలూ బార్లా తీసింది. రాళ్ల ట్రాక్టర్లు పోయే దారి అది. డ్రైవర్లు వేగం తగ్గించి మరీ చూశారు.

బుజ్జి ఏడుస్తూ లోపలికి పోయింది. ఆమె కూతురి వెంట వెళ్లలేదు. దవడ బిగించి, మా అందరి కంటే ముందు తనే కంట్రోలు పట్టుకుంది.

"రాండ్రి. ఇప్పుడు ఎవరి వంతు?"

మరుసటి ఆదివారమూ వాకిట్లోనే ఆడాం. ఆపై ఆదివారం వీధిలో ఆడవాళ్లు గేటు దగ్గర గుంపుగా నిలబడ్డారు. నవ్వేవాళ్లు నవ్వారు. ఇద్దరు మాత్రం లోపలికి వచ్చి, ఆ చేతిలోది ఏంది అని అడిగారు. ఆమె చూపిస్తుండగా ఇస్త్రీ చొక్కాతో రవీందర్ వచ్చాడు.

"వదినె, ఏంది ఇది? ఊరు నవ్వుతుంది."

"నవ్వనియ్యి. తలుపు మూస్తె ఏడుస్తుండ్రు, తెరిస్తె నవ్వుతుండ్రు. నవ్వుడే మంచిగున్నది."

"ఈ వయసుల టీవీ ఆటలాడుకుంట కూసుంటవా?"

"నువ్వు పేకముక్కలు పట్టుకోని పత్తాలాడుతలేవా? పొద్దూకేదాంక కాంపౌండ్ల కూసుంటవు. నిన్ను ఎవ్వరన్న అడిగిండ్రా?"

రవీందర్ గోడకున్న మీటరు దగ్గరికి పోయి, ఫ్యూజు పీకి జేబులో వేసుకుని వెళ్లిపోయాడు. తెర నల్లబడింది. గదుల్లో ఫ్యాన్లు ఆగిపోయి కిరాయిదార్లు ఒక్కొక్కరే బయటికి వచ్చారు. ఆమె కంట్రోలు కింద పెట్టింది. ఇక ఇంతే అనుకున్నాను. మేమంతా వైర్లు చుట్టడానికి వంగాం.

ఆమె గోడ దగ్గరికి నడిచింది. అవతలి ఇల్లు లచ్చమ్మది. చిన్నతనంలోనే భర్త పోతే కూలికి పోయి పిల్లల్ని పెంచిన మనిషి.

"లచ్చమ్మా, జర మీ ఇంట్లకెల్లి కరెంటు ఇయ్యవా?"

రవీందర్‌తో పేచీ అంటే ఆ వీధిలో ఎవరికైనా జంకే. అయినా గోడ అవతలి నుంచి లచ్చమ్మ గొంతు వినబడింది. "మా ఆయన పోయినంక నేను పనికి బోతే నన్ను గూడ గిట్లనే అన్నరు. వైరు ఇసిరెయ్యి."

దినేష్ వైరు గోడమీద నుంచి విసిరాడు. తెర వెలిగింది. గేటు దగ్గర ఎవరో చప్పట్లు కొట్టారు. ఆమె మాత్రం నవ్వలేదు. ఆ ఆటలో చాలా తొందరగా ఓడిపోయింది.

సాయంత్రానికి రవీందర్ కులపెద్దలు ఇద్దర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. వెంకటనారాయణ అప్పుడే బాలానగర్‌లో పని చూసుకుని తిరిగొచ్చాడు. తక్కువ మాట్లాడే మనిషి. తమ్ముడు చెప్పిందంతా విని తల వంచుకుని కూర్చున్నాడు. పెద్దలు మమ్మల్ని వెళ్లిపొమ్మన్నారు. కనకలక్ష్మి ఉండమంది. నేను ఆమె వెనకే నిలబడ్డాను.

"ఇంటి కోడలివి. జర తగ్గాలె అమ్మా," అన్నాడు ఒక పెద్దాయన.

"తగ్గ. గది ఇయ్య. పిల్లలను రావద్దన. వాకిట్ల ఆడుడు ఆప. నేను తప్పు జేసినట్టు ఎవ్వరన్న చూసినోళ్లుంటే ఈడ నిలవడి చెప్పుమను, అప్పుడు మాట్లాడుదం."

చూశామనేవాళ్లు ఎవరూ లేరు. పెద్దాయన వెంకటనారాయణ వైపు తిరిగాడు. "నువ్వేమంటవు?"

అతను తలెత్తాడు. "పొలం పోయిననాడు నేను మంచం దిగలే. ఇల్లు ఆమెనే నడిపింది. అప్పుడు ఎవ్వరు రాలే పంచాతికి," అన్నాడు. తర్వాత తమ్ముడి ముందు చెయ్యి చాచాడు. "ఫ్యూజు ఇయ్యి, రవీ."

రవీందర్ దాన్ని అన్న చేతికివ్వలేదు, మంచంమీద పడేసి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత అంతా సర్దుకుందని చెప్పలేను. రవీందర్ వేరుపడ్డాడు. గదులు పంచుకున్నారు, వాకిలి మధ్య గోడ లేచింది. తన కొడుకు రాకేశ్ నిశ్చితార్థానికి అన్నావదినెలను పిలవలేదు. ఆమె బట్టలు పంపితే తిప్పి పంపాడు. ఆ రోజు ఆమె దగ్గర నేనున్నాను. "నేను కాపురానికొచ్చినప్పుడు రవి బడికి పోయేటోడు. తలంటు పోసి పంపుతుంటి," అని ఆ బట్టల మూటను చాలాసేపు ఒళ్లో పెట్టుకుంది. ఆటలు వదిలేసి ఉంటే ఇదంతా రాకపోవును గదా అని నేను అనబోయాను. నా మొహం చూసే గ్రహించింది.

"ఇది కాకపోతే ఇంకొకటి. ఇయ్యాల ఇది ఇడిసిపెడితే రేపు నవ్వుతున్నవేందని అడుగుతరు."

బుజ్జి కొన్నాళ్లు రాలేదు. వచ్చాక కూడా ఆ గది వైపు చూసేది కాదు. తల్లి కూడా బతిమాలలేదు. కానీ జీడిమెట్లలో అత్త మళ్లీ ఆ మాట ఎత్తితే, మా అమ్మ నడివాకిట్లనే ఆడుతది, నువ్వే వచ్చి చూడు అని బుజ్జి అందని కనకలక్ష్మి నాతో రెండుసార్లు చెప్పింది.

దినేష్‌కు బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. వెళ్లేముందు తన యంత్రాలన్నీ ఆమెకు వదిలిపోతానన్నాడు. "నీయి నువ్వు తీస్కపో. నాకు గావాల్నంటే నేనే ఎతుక్కుంట," అంది. అతనికి దారికి సర్వపిండి కట్టిచ్చింది.

తొంభైతొమ్మిదిలో రోడ్డు వెడల్పుకు గడ్డి గదితో సహా వాకిలంతా పోయింది. వెనక మిగిలిన జాగాలో కొత్త ఇల్లు మొదలుపెట్టారు. గోడలు నడుం ఎత్తు లేచాక ఒక ఆదివారం వెళ్లాను. మేస్త్రీ ఎల్లేశం ముందుగది గోడలో అరలు ఎక్కడ పెట్టాలని అడుగుతున్నాడు. దేవుని అర ఎటువైపు, వంటసామాన్ల అర ఎటువైపు అని.

"అవి తర్వాత చూద్దం," అంది ఆమె. బొగ్గు ముక్క తీసుకుని, వీధిలోంచి ఎవరు చూసినా కనబడే గోడమీద ఈ చివర నుంచి ఆ చివరిదాకా గీత గీసింది. "గిక్కడికెల్లి గక్కడిదాంక. లోతు ఎక్కువ పెట్టు."

ఎల్లేశం గీతవైపు చూశాడు. "గింత పెద్దగనా? ఏం పెడతవక్కా?"

"టీవీ ఆటలు."

అతను నవ్వాపుకుంటూ వెంకటనారాయణ వైపు తిరిగాడు. ఆయన ఇటుకలు తడుపుతూ తలెత్తలేదు. "ఆమె చెప్పినట్టే పెట్టు," అన్నాడు.

"మరి అరలకు తలుపు?" అన్నాడు ఎల్లేశం.

"తలుపు వద్దు," అంది కనకలక్ష్మి.