తాళం ఎవరి దగ్గరుందో అడగమన్న ఎస్తేరురాణి గారు

ఎస్తేరురాణి గారు ఇక లేరన్న కబురు ఫోనులో వినే వేళకు నా చేతుల్లో ఒక పాత కొయ్యబొమ్మ ఉంది. చేతిలో వస్తువుండగా ఎంతటి మాట విన్నా, ముందు దాన్ని క్షేమంగా కిందపెట్టి ఆ తర్వాతే ఏడవాలన్నది ఆమె నాకు నేర్పిన మొదటి పాఠం. బొమ్మను ఇసుకసంచి మీద పడుకోబెట్టి, ఆ పక్కనే నేలమీద కూలబడ్డాను. మొన్ననే కదా మాట్లాడారు, ఆయాసం తగ్గిందన్నారు కదా అని నాలో నేనే వాదించుకున్నాను. మృత్యువు దగ్గర వాదన చెల్లదని తెలిసీ మనసు ఒప్పుకోలేదు. ఇది రాస్తున్న ఈ క్షణానికీ ఒప్పుకోవడం లేదు.

రాజమహేంద్రవరంలో ఒక చిన్న మ్యూజియానికి క్యూరేటరుగా చాలాకాలం పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న విదుషీమణి ఆమె. లంక పొలాల్లో కూలికి వెళ్లే లూథరన్ కుటుంబంలో పుట్టి, మిషన్ బడిలో చదివి, మనుషులు వాడి విడిచిన వస్తువుల్లోంచి వాళ్ల బతుకును చదివే విద్యకు జీవితాన్ని అంకితం చేశారు. పెళ్లి చేసుకోలేదు. చెల్లెలు సుశీల గారితో కలిసి ఉండేవారు. చనిపోయినవాళ్లందరూ శాంతమూర్తులేనని రాయడం మనవాళ్ల ఆనవాయితీ గానీ, నేనలా రాయలేను. ఆవిడ పరమ కోపిష్ఠి. ఆమె దగ్గర పని నేర్చుకుంటూ ఆ కోపం చవిచూసినవాళ్లలో అగ్రతాంబూలం నాదే.

ఆ కోపం ఎలాంటిదో చెప్పాలంటే వాళ్ల చర్చిలోని ఇత్తడి పళ్లెం సంగతి చెప్పాలి. సంఘం ఏర్పడిన తొలినాళ్లలో కూలి కుటుంబాలవాళ్లు కూడబలుక్కుని ఇచ్చిన కానుక పళ్లెం అది. ఏటా క్రిస్మస్‌కు ముందు ఆడవాళ్లు దాన్ని చింతపండు, ఇటుకపొడి పెట్టి భక్తిగా తోమేవారు. ఒకసారి నేనూ ఆవిడ వెంట ఉన్నాను. అప్పటికే చింతపండు పిసికేసిన ఒక పెద్దావిడ చేతిలోంచి పళ్లెం లాక్కున్నంత పనిచేశారు.

"అదేంటమ్మా రాణీ! పండక్కి మకిలిగా ఉంచుతామా ఏంటి?"

"మకిలి కాదండి, అది వయసు. అంచు మీద వేలుపెట్టి చూడండి. ఇచ్చినవాళ్ల పేర్లున్నాయి. మీ తాతల పేర్లు మీరే తోమేస్తున్నారండి!"

నిజమే. సగం పేర్లు అప్పటికే అరిగిపోయాయి. పెద్దావిడ చేతులు తుడుచుకుని, మిగిలిన అక్షరాలను మునివేలితో తడుముతూ తన తాత పేరుందా అని వెతికింది. దొరకలేదు. ఎస్తేరురాణి గారి కోపం ఎటుపోయిందో, ఆమె పక్కన కూర్చుని తానూ కళ్లొత్తుకున్నారు.

అంతటి మనిషికి డాక్టరేటు లేదు. వయసులో ఉన్నప్పుడు ఒక మహాపండితుడి దగ్గర పరిశోధనకు చేరారట. ఆయన పేరు చూసి వెళ్లారు. వస్తువులున్న గది తాళం మాత్రం వేరే శాఖవారి దగ్గర ఉండేది. అర్జీలు పెట్టీ పెట్టీ, ఫోటోలు చూసి రాయలేక, విసిగి వచ్చేశారు. "నా థీసిస్సు ఆ తలుపు దగ్గరే ఆగిపోయిందమ్మా" అని నవ్వుతూనే అనేవారు. పరిశోధనకు ఎక్కడ చేరాలని ఏ విద్యార్థి వచ్చి అడిగినా ఒకటే చెప్పేవారు: "గైడు ఎంత గొప్పవాడో తర్వాత. స్టోర్ రూం తాళం ఎవరి దగ్గరుందో ముందు అడుగు."

నా వంతూ వచ్చింది. ఆత్రేయపురంలో పూతరేకులు తీసే కుండల మీద పరిశోధన చేస్తానన్నాను. బోర్లించిన కుండ అడుగున పిండి రాసి రేకు తీస్తారు. తరాల చేతుల్లో నునుపెక్కిన ఆ కుండలను నేను చదవాలి. "కుండమీద డాక్టరేటా! ఇంకా నయం, అట్లకాడ మీద అనలేదు" అన్నారు నిడదవోలులో బడిపంతులైన మా నాన్న. అయినా రెండు సీట్లు వచ్చాయి. ఒకటి ఉత్తరాదిన పేరుమోసిన విశ్వవిద్యాలయం. అక్కడి పట్టాతో లెక్చరరు ఉద్యోగం ఖాయమని నాన్న నమ్మకం. రెండోది పడమటి తీరాన, ఎవరూ పేరు వినని చోటు. సొంత మ్యూజియం ఉంది. చిక్కల్లా ఒకటే, అక్కడి గైడు త్వరలో రిటైరవుతారు. మధ్యలో ఆయన వెళ్లిపోతే నా పని ఏ గట్టున పడుతుందో తెలియదు. తప్పటడుగు వేస్తే ఇన్నేళ్ల చదువూ బూడిదలో పోసిన పన్నీరే.

సాయంత్రంలోగా ఏదో ఒకదానికి ఒప్పుకోలు తెలపాల్సిన రోజున ఎస్తేరురాణి గారు ఆస్పత్రిలో, ఆక్సిజన్ మాస్కుతో ఉన్నారు. నేను, నాన్న వార్డులో ఆమె మంచం పక్కన నిలబడ్డాం. నా భయం సీటు గురించో ఆవిడ గురించో నాకే తెలియదు.

"మేడంగారండీ, మీ మాటైతే వింటదండి. పెద్ద యూనివర్సిటీకే వెళ్లమని ఒక్క ముక్క చెప్పండి" అన్నారు నాన్న.

ఆమె మాస్కు పక్కకు లాగారు. "అక్కా, మాట్లాడొద్దన్నారు కదా!" అని సుశీల గారు కసిరారు. ఆవిడ వింటేగా!

"నా మాట మీద వెళ్తే రేపు కష్టమొచ్చినప్పుడు నన్ను తిట్టుకుంటదండి. అక్కడ చదివే పిల్లలకి ఫోన్ చేసి అడగమనండి."

ఏమడగాలో నాకు తెలుసు. అక్కడే స్పీకరు పెట్టి రెండు చోట్లకూ ఫోన్ చేశాను. ఉత్తరాది పరిశోధకురాలు తన ప్రొఫెసరు ప్రతిభను చాలాసేపు కీర్తించి, వస్తువులను తాకే అనుమతి ఇంకా రాలేదని, ప్రస్తుతం ఫోటోలతోనే రాస్తున్నానని చెప్పింది. పడమటి తీరం కుర్రాడు వెంటనే ఫోను ఎత్తలేదు. ఎత్తాక క్షమించమన్నాడు. చెదపట్టిన తోలుబొమ్మను శుభ్రం చేస్తున్నాడట, చేతులు కడుక్కుని వచ్చాడట. తాళం మా సారు దగ్గరే ఉంటుంది, అడిగితే ఇస్తారన్నాడు. సారు వెళ్లాక అని అడిగితే మాత్రం, "ఎవరొస్తారో, ఎలాంటివాళ్లొస్తారో మాకూ తెలియదు" అన్నాడు.

"విన్నావుగా? నడిగోదాట్లో పడవ దింపేసి పోతారు నిన్ను" అన్నారు నాన్న.

"మేడమ్, మీరైతే ఏది తీసుకునేవారు?" అడిగాను.

ఆమెకు శ్వాస అందడం లేదు. ఇక చాలు, వెళ్లిపోదామనుకున్నాను. అప్పుడన్నారు: "నేనైతే అని అడక్కు. భయం రెండు చోట్లా ఉంటది. నీ చేతులు ఎక్కడ ఊరుకోవో అక్కడికి పో."

ఆ మంచం పక్కనే నిలబడి పడమటి తీరానికి ఒప్పుకోలు పంపాను. నాన్న బయటికి వెళ్లిపోయారు. నిడదవోలు చేరేదాకా రైల్లో పెదవి విప్పలేదు. నా నిర్ణయం సరైనదో కాదో ఇప్పటికీ నాకు తెలియదు. గైడు ఇంకా ఉన్నారు. రేపటి సంగతి రేపు. ఈలోగా నా చేతులకబ్బిన కాస్త పనితనమే ఆ మహనీయురాలి పాదాలకు నేను పెట్టుకునే నమస్కారం. అలాంటి గురువు మళ్లీ దొరకరు. ఆమె కుర్చీలో ఎవరైనా కూర్చోగలరు గానీ, ఆమె కోప్పడినట్టు ప్రేమగా నన్నెవరూ కోప్పడలేరు.

అంత్యక్రియలు నేను వచ్చేదాకా ఆపారు. నాన్న శవపేటికకు భుజం పట్టారు. ప్రార్థన, సమాధి కార్యక్రమం అయ్యాక అందరం ఇంటికి తిరిగొచ్చాం. సుశీల గారు ఆవిడ గది తలుపు తీసి నన్ను లోపలికి పిలిచారు. మంచంమీద కళ్లజోడు, సొట్టపోయిన స్టీలు గ్లాసు, నేత చీరలు, జోళ్లు, పాటల పుస్తకం, పాత గొడుగు.

"నేను మా తమ్ముడింటికి వెళ్లిపోవాలమ్మా. అన్నీ పట్టుకెళ్లలేను. ఈ చదువు చదువుతున్నదానివి, అక్క గుర్తుగా ఏది ఉంచితే బాగుంటదో నువ్వు చెప్పమ్మా" అన్నారు.

ఏరి కోరి నేను తీసుకున్న చదువు సరిగ్గా ఇదే. ఒక్కొక్కటీ చూశాను. అన్నింటిలోనూ ఆవిడే ఉన్నారు, ఏ ఒక్కదాంట్లోనూ పూర్తిగా లేరు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగినవారు నాకు తెలిసి ఒక్కరే. ఆవిడను సమాధుల తోటలో వదిలి అప్పుడే వచ్చాం.