ఎల్లేష్ బిగించిన నలభై రెండో సబ్‌వూఫర్

మెదక్ పట్టణంలో కారు డిక్కీలో పన్నెండు అంగుళాల సబ్‌వూఫర్ బిగించి, నంబరు ప్లేటు గలగలమనకుండా పాట వినిపించిన మొట్టమొదటి మనిషి మా అక్క పెంటమ్మ కొడుకు ఎల్లేష్. అది 2003వ సంవత్సరం. బండి పాత అంబాసిడర్. స్పీకరు బిగించే మొదటి నాలుగు డబ్బాలు ఫెయిలయ్యాయి. ప్లైవుడ్ అతుకుల్లోంచి గాలి పోయి, పాటకు బదులు గురక వచ్చేది. ఐదో డబ్బాకు వాడు కర్రపొట్టును జిగురులో కలిపి, ప్రతి అతుకుకూ వేలితో పూసి, మూడు రోజులు ఎండబెట్టాడు. రాందాస్ చౌరస్తాలో బండి ఆపి పాట పెడితే హోటల్ బల్ల మీద గ్లాసుల్లో చాయ్ వణికింది. నేను కళ్లారా చూశాను.

పాపన్నపేట బడిలో ఏడో తరగతి వరకే చదివిన నేను, 1988లో సొంత మైక్ సెట్టు పెట్టినవాణ్ణి. ఎర్ర వైరేదో నల్ల వైరేదో వాడికి చూపింది నేనే. మిగతాదంతా వాడి సొంత విద్య. డబ్బా మీద వేలి కణుపుతో కొట్టి, చెవి ఆనించి, "మామా, గీ మూలకు జర గాలి పోతున్నది" అనేవాడు. విప్పి చూస్తే నిజంగానే పోతుండేది. హవేలిఘనపూర్ షేర్ ఆటోలకు స్పీకర్లు పెట్టాడు, ట్రాక్టర్లకు సెట్లు పెట్టాడు. తెలంగాణ ఉద్యమం ఊపందుకున్నాక ర్యాలీ బండ్లన్నీ వాడి దగ్గరికే వచ్చాయి. ఈ 2011 ఆగస్టు వరకు నలభై ఒక్క బండ్లకు సబ్‌వూఫర్ బిగించాడు. ఒక్కటి కూడా రిపేరుకు తిరిగి రాలేదు.

తిరిగి వచ్చింది నలభై రెండోది.

వాడికి ఒక అలవాటు ఉంది. కొత్త డబ్బాను సినిమా పాటతో చూడడు. వాళ్ల నాయన, అంటే మా బావ ఎల్లయ్య, డప్పు కొట్టడంలో పేరున్నవాడు. ఆయన చనిపోయే ముందటేడు, 1994లో, నా టేపు రికార్డరులో ఆయన దరువులు నాలుగు పట్టాను: పెళ్లిది, జాతరది, చాటింపుది, చావుది. ఎల్లేష్ వాటిని పెన్‌డ్రైవులోకి ఎక్కించుకున్నాడు. మొదటి మూడింటితోనే డబ్బాను పరీక్షిస్తాడు. నాలుగోది ముట్టడు.

చావు దరువు ఒకసారి మొదలైతే దింపుడుకల్లం దాటేవరకు ఆగకూడదని మా కట్టుబాటు. అక్కడ పాడె దించి, పోయిన మనిషి చెవిలో పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తారు. ప్రాణం ఉంటే లేస్తాడని ఆశ. పిలుపు అయ్యాక దరువు మారుతుంది. ఆ మారిన దరువుతోనే అన్నీ తీరినట్టు. నా టేపులో ఆ ముగింపు లేదు. పాడె దించే చోటికి రాగానే బావ పుల్లలు కింద పెట్టేశాడు.

"బామ్మర్దీ, పీనుగ లేంది గా ముంగటిది కొట్టద్దు. గీ సగం దరువును ఎవలి ముంగటనన్న మోగిస్తే గాళ్ల పేరు పిలుస్తది" అన్నాడు.

సెప్టెంబరు మొదటి వారంలో మదన్ మోహన్ పటేల్ తన జీపు తెచ్చాడు. హవేలిఘనపూర్ దిక్కు భూములున్న ఇల్లు వాళ్లది. సకల జనుల సమ్మె ర్యాలీలో తన బండే ముందుండాలని ఆయన పట్టుదల. డబ్బా బిగించడం అయ్యాక వెనక సీటులో కాలు మీద కాలేసుకుని కూచున్నాడు.

"ఏందిర ఎల్లేషూ, గిదేనా సౌండు? మా ఇంట్ల మిక్సీ గింతకన్న గట్టిగ మొత్తుకుంటది."

"జర ఆగుండ్రి పటేలా. ఇప్పుడే గద వైరు పెట్టింది."

"నలభై బండ్లు కట్టినోడివట! రోడ్డు అదిరే సౌండు లేదా నీ తాన?"

ఎల్లేష్‌కు రోషం వచ్చింది. బాగా కిందికి దిగే శబ్దం నాలుగో దరువులోనే ఉంది. పటేల్ బండిలో కూచుని ఉండగానే అది పెట్టాడు. మా ఇంటి ముందరి దుకాణం రేకులు వణికాయి. టేపు ఉన్నంతవరకు మోగి, దింపుడుకల్లం ముందర ఆగిపోయింది.

"గిదిర సౌండంటే!" అని పటేల్ తొడ చరిచాడు. ఆ దరువు అక్కడితో ఆగకూడదని ఆయనకు తెలియదు. తెలిసిన ఎల్లేష్ పెన్‌డ్రైవు పీకి జేబులో వేసుకున్నాడు.

బస్సులు బందయిన మర్నాడు, పట్టపగలు, పటేల్ మళ్లీ వచ్చాడు. సమ్మెతో దుకాణాలు మూసి ఊరంతా చప్పుడు లేకుండా ఉంది. ఆయన ముఖంలో రక్తం లేదు.

"తియ్యిర. ఇప్పుడే తియ్యి. తాళం తీసినా కొడుతున్నది. మనోహరాబాద్ స్టేషన్ కాడ ఆపిన, ఆడ గూడ కొట్టింది. ఒక్క తాననే ఆగుతది, మల్ల మొదలైతది."

"లారీలు పోతే అదురుతదిలే పటేలా" అన్నాను. రోడ్డు మీద ఒక్క లారీ లేదు.

ఎల్లేష్ బ్యాటరీ వైరు పీకాడు. ఆంప్లిఫయరు విప్పి బయట పెట్టాడు. నా చేయి తీసుకుని స్పీకరు మీద ఆనించాడు. పడుకున్న మనిషి కడుపులా అది మెల్లగా లేస్తూ, దిగుతూ ఉంది. దరువు నాకు తెలిసినదే. నేను పట్టిన టేపే.

ఇద్దరం కలిసి డబ్బా ఊడదీసి వాకిట్లో పెట్టాం. డబ్బా ఊరుకుంది. ఖాళీ డిక్కీ కొట్టడం మొదలుపెట్టింది. అదే చోట ఆగింది. ఆగిన తరువాత, ఎవరో చెవి దగ్గరికి వంగినట్టు, చిన్న గాలి చప్పుడు.

"ఇన్నవా? నిన్న గింత గూడ లేకుండె. 'మ' అంటున్నది" అన్నాడు పటేల్. "నా పేరు మొదలువెట్టింది."

మా అక్క పెంటమ్మ తలుపు దగ్గర నిలబడి అంతా విన్నది. "పేరు పిలుసుడు మొదలైనంక ఇగ సగంల ఇడువరాదు. మీ నాయన యాడ ఆపిండో గాడికెళ్లి చేతితోని కొట్టి తీర్చాలె కొడుకా. పేరు నిండకముందే. ఇంటి కొడుకే కొట్టాలె" అన్నది.

ఎల్లేష్ నా ముఖం చూశాడు. వాడికి డప్పు రాదు. వాణ్ణి డప్పు ముట్టనీయకుండా పెంచింది నేనే. ఆ మాట నలుగురిలో గొప్పగా చెప్పుకున్నవాణ్ణి కూడా నేనే.

ఆ ముగింపు దరువు తెలిసినవాడు ఇప్పుడు ఒక్కడే ఉన్నాడు. బావతో జతగా కొట్టిన యాకోబు, మంజీర ఒడ్డున ఉంటాడు. చర్చికి పోవడం మొదలయ్యాక డప్పు విడిచిపెట్టాడు. ఎల్లేష్ ఫోన్ చేసి అడిగితే, "ఎల్లయ్య కొడుకువు అడిగితె కాదంటనా బిడ్డా. కని తొందరవడితె రాదు. దినాం పొద్దుగాల నుంచి కూసోవాలె" అన్నాడు.

ఎల్లేష్ అటక మీది నాయన డప్పు దించుకుని, నడుచుకుంటూ పోయాడు. పటేల్ జీపులో దింపుతానన్నా ఎక్కలేదు.

ఆ జీపు మా వాకిట్లోనే ఉంది. పటేల్ రోజూ మధ్యాహ్నం వచ్చి అరుగు మీద కూచుని వింటాడు. నన్ను ఏనాడూ "ఏమయ్యా" అని తప్ప పిలవని మనిషి, ఇప్పుడు "చెప్పుండ్రి, ఎప్పుడొస్తడు మీవోడు?" అని అడుగుతున్నాడు. నిన్నటికి 'మదన్ మో' దాకా వచ్చింది. నాకూ వినబడింది.

పొద్దున ఎల్లేష్ ఫోన్ చేశాడు. "చేతులు బొబ్బలెక్కినయ్ మామా. ఇంకొక్క మలుపు దొరుకతలేదు. దొరికినా దొరకకపోయినా పెద్దల అమావాస్యకు అచ్చేస్త" అన్నాడు.

ఆ అమావాస్య 2011 సెప్టెంబరు 27, మంగళవారం. ఇంకా మూడు రోజులుంది, పేరులో మిగిలింది 'హన్' ఒక్కటే.