అవతలి గట్టు బొమ్మ

మా తోడికోడలిని వీధిలో అందరూ అవతలామె అంటారు. నదికి అవతల వేరే దేశం, ఆమెది అక్కడ. పెళ్ళికి వంతెన మీద నడిచి వచ్చింది. తర్వాత రెండు ప్రభుత్వాలకీ చెడింది, వంతెన మూసేశారు. అటు వాళ్ళమ్మ పోయింది, ఇటు మా మరిది పోయాడు. ఆమెకి మిగిలింది నేనూ, నా నోరూ, ఒక టీవీ.

మా డాబా మీద రెండు ఏంటెన్నాలు. మన స్టేషన్‌ని పట్టేదానికి కడ్డీలు పడుకుని ఉంటాయి. ఆమెదానికి నిలబడి ఉంటాయి. అవతల దేశం వాళ్ళు అలా పంపుతారట, అలాగే పట్టుకోవాలట. సాయంత్రం పొయ్యి మీద కూర మాడినా సరే, వాళ్ళ వాన కబుర్లు వినందే లేవదు.

"మా ఊళ్ళో జల్లు పడిందక్కా" అంటుంది.

"పడితే నీ జుట్టేమన్నా తడిసిందా?" అంటాను.

పోయిన చలికాలం ఒక సాయంత్రం టీవీ పెడితే బొమ్మ లేదు, వట్టి హోరు. కూర మూత చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. మర్నాడు ఏంటెన్నాలు బిగించే అతన్ని పిలిపించాను. డాబా ఎక్కి దిగి తల గోక్కున్నాడు.

"పెద్దమ్మా, వాళ్ళూ డిజిటల్‌కి మారారు. పాతది ఆపేశారు."

"మనమూ మారాం కదరా. మన సెట్‌టాప్ పెట్టె ఉందిగా?"

"దేశానికో పద్ధతి. బొమ్మని మూట కట్టి గాలిలోకి వదులుతారనుకోండి. మనవాళ్ళు వేసే ముడి వేరు, వాళ్ళ ముడి వేరు. మన పెట్టెకి అది విప్పడం రాదు."

"అంటే గాలిక్కూడా పాస్‌పోర్టు కావాలన్నమాట!"

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు.

"ఫోన్‌లో చూడొచ్చుగా పిన్నీ" అన్నాడు మా అబ్బాయి.

"ఫోన్‌లోకి ఎక్కణ్ణించైనా వస్తుంది నాయనా. ఇది మా ఊరి గుట్ట మీది స్తంభం నుంచి వస్తుంది. మధ్యలో నది తప్ప ఎవరూ లేరు."

వాడు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. నేను ఏంటెన్నాల అతన్ని మళ్ళీ పిలిపించాను.

ఆ ముడే వేసే దేశాలు ఇంకా ఉన్నాయట. రేవులో పాత సామాన్లమ్మే చోట అలాంటి పెట్టె దొరికితే అతను తెచ్చి తగిలించాడు. మళ్ళీ డాబా ఎక్కి ఏంటెన్నా తిప్పడం మొదలుపెట్టాడు.

"వచ్చిందా?" అని అరిచాడు పైనుంచి.

"లేదు! మసకగానైనా రాదేంరా?"

"దీనికి మసకలుండవు పెద్దమ్మా! వస్తే మొత్తం, లేకపోతే సున్నా!"

ఉన్నట్టుండి బొమ్మ పడింది. అద్దంలా ఉంది. తడిసిన వీధి, గొడుగేసుకున్న ఒకావిడ, ముందు నీళ్ళ గుంట.

"మా బడి సందు!" అంది అవతలామె.

గొడుగావిడ గుంట దాటడానికి కాలెత్తింది. అంతే, బొమ్మ బిగుసుకుపోయింది.

"కదిలించొద్దు!" ఆమె గొంతు అంత పెద్దదని నాకు అప్పుడే తెలిసింది.

"ఎవరే ఆవిడ?"

"గొడుగు అడ్డం అక్కా, ముఖం కనబడట్లేదు. ఏ ఇంట్లోకి పోతుందో చూస్తే చెప్పేస్తాను."

"అయితే అడుగు పడనీ" అని కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాను.

తెర నల్లబడింది.

నది దాటేసరికి సిగ్నల్‌కి బలం చాలట్లేదట, గాలి అనుకూలించిన రోజు బొమ్మ మళ్ళీ పడొచ్చట. అందుకని రోజూ కూర్చుంటోంది. నేనూ కూర్చుంటున్నాను.

"ఆవిడ దాటేసి ఉంటుందంటావా అక్కా?" అంటుంది.

"తొందరేముందే, గొడుగుందిగా" అంటాను.